గంతకు తగ్గ బొంత: మా క్విల్టింగ్ కొట్టు కిటికీలో అమ్మమ్మ బొంత పెట్టాలా, వద్దా?

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 2, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది, మీరే తేల్చాలి.

మాది విస్కాన్సిన్‌లో చిన్న ఊరు. ఒక మెయిన్ రోడ్డు, రెండు చర్చిలు, ఒక చీజ్ ఫ్యాక్టరీ, ఒక క్విల్టింగ్ కొట్టు (గుడ్డముక్కలు అతికి దుప్పట్లు కుట్టేవాళ్ళకి గుడ్డ అమ్మేది). హెచ్4 వీసా మీద ఈఏడీ (పనిచేసుకునే అనుమతి) వచ్చిన దగ్గర్నుంచి ఆ కొట్టులో వారానికి మూడు రోజులు పనిచేస్తున్నాను. గుడ్డ కొలిచి కోసివ్వడం, థాన్లు సర్దడం, శనివారం క్లాసుకి కుర్చీలు వేయడం.

ఈరోజే గడియారాలు గంట వెనక్కి తిప్పాం. ఇక సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మాకు అసలు సీజన్ ఇదే. 11న వెటరన్స్ డే. అప్పటికి వెనక గదిలో ఎరుపు, తెలుపు, నీలం ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకి ఇచ్చే 'క్విల్ట్స్ ఆఫ్ వాలర్' కుడతారు. 2003లో మొదలైన పని అది, ఇప్పటికి మూడు లక్షలు దాటాయి. ఆ తర్వాత 22న జింకల వేట మొదలు. ఇక్కడ థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలుపెట్టి తొమ్మిది రోజులు తుపాకీతో వేటాడొచ్చు. మగవాళ్ళు నారింజ రంగు కోట్లు తొడుక్కుని అడవిలోకి పోతారు. (2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. నేనైతే ఒక్కరిమీదే చూశాను.) ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు మా కొట్టు మీద పడతారు. ఆ రెండు రోజుల సేలుకి పేరు 'డీర్ విడోస్'. అంటే జింకలు విధవల్ని చేసిన ఆడవాళ్ళు!

మొదటి ఏడు మా అత్తగారు ఫోన్ చేసి "శనివారం ఏం చేస్తున్నావమ్మా" అంటే నోరు జారి ఆ పేరు తెలుగులో చెప్పేశాను. అవతల నిశ్శబ్దం. తర్వాత మా ఆయన్ని పిలిచి "ఒరే, నువ్వు బాగానే ఉన్నావా" అని అడిగారు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు "జింకల సేల్".

అసలు విషయం. మా కొట్టులో ఒక ఆనవాయితీ ఉంది. వెటరన్స్ డే మర్నాటి నుంచి నవంబర్ ఆఖరుదాకా ముందు కిటికీలో, పనిచేసేవాళ్ళలో ఒకరి ఇంటి పాత క్విల్ట్ వేలాడదీస్తారు. పక్కన చిన్న కార్డు: ఎవరు కుట్టారు, ఎప్పుడు, ఏ గుడ్డతో. పోయినేడాది మా ఓనరమ్మ వాళ్ళ నాయనమ్మది పెట్టారు. ఈసారి నా వంతు. "మీ వాళ్ళ క్విల్ట్ ఏదైనా ఉందా?" అంది.

ఉంది. మా అమ్మమ్మ కుట్టిన బొంత. అనంతపురం దగ్గర పల్లె. మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపింది. లోపల ఐదు పొరలు, అన్నీ పాత నేత చీరలే. పైన అతుకులు: మా మామయ్య పంచె, అమ్మ లంగా, ఎవరిదో ఖాకీ నిక్కరు. దబ్బనంతో వేసిన టాకాలు, ఒక్కోటి బియ్యపుగింజంత. ఆముదం మరక ఒకటి. ఒక మూల ఎలక కొరికింది. మా కొట్టులో వేలాడేవి చూస్తే పావు అంగుళం కుట్టు వెంట్రుకవాసి తేడా ఉండదు. వాటి మధ్య దీన్ని ఊహించుకుంటే సిగ్గేస్తోంది. అమ్మకి చెబితే "ఆ చింకి బొంతని దొరల ముందు పరుస్తావా, పరువు పోతుంది" అంది.

పెట్టనా? పెడితే ఎలా పెట్టాలి? కార్డు మీద ఏం రాయాలి?

దబ్బనం (న్యూజెర్సీ) | నవంబర్ 2, రాత్రి 9:02

పెట్టు చెల్లీ, ఆలోచించకు. మా కరీంనగర్ దిక్కు ఎండాకాలం వచ్చిందంటే బొంతలు కుట్టేటోళ్లు వాడకు వచ్చేవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్ల. మా నాయనమ్మ ఏడాదంతా మూటగట్టి పెట్టిన పాత చీరలు, లుంగీలు, పంచెలు తెచ్చి వాకిట్లో పోసేది. అలుకు చల్లిన నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ఇద్దరూ చెరో పక్క కూసొని బయటి అంచు నుంచి లోపలికి కుట్టుకుంట వచ్చేటోళ్లు. పొద్దుగూకేసరికి ఒక బొంత. కూలి పైసలతో పాటు జొన్నలు, ఒక పాత చీర ఇచ్చేది నాయనమ్మ. ఆ చీర వాళ్ల సొంత బొంతలోకి పోయేది.

ఆ బొంత కింద పడుకుంటే ఎటు తిరిగినా అది మీద నుంచి జారదు. ఇక్కడ బరువు దుప్పట్లని వంద డాలర్లకి అమ్ముతున్నరు కదా, అదే బరువు.

పడకకుర్చీ (డల్లాస్) | నవంబర్ 2, రాత్రి 11:15

నేను వేరేగా అంటాను, తిట్టుకోకండి.

మాది ప్రొద్దుటూరు. నాకు బొంత అంటే దుప్పటి కొనలేకపోవడం. స్కూల్లో "అతుకుల బొంత" అని నన్ను ఏడిపించేవాళ్ళు, చొక్కా మీద అతుకు ఉండేది కాబట్టి. ఇప్పుడు అదే బొంతని అమెరికాలో కిటికీలో పెట్టి, లైట్లు వేసి, "ఎంత అందం, ఎంత సంస్కృతి" అంటే నాకు కడుపులో తిప్పుతుంది. మీ అమ్మగారు పరువు అన్నది ఊరికే అనలేదు. ఆ తరానికి అది దాచుకోవలసిన వస్తువు. పెట్టుకోండి, కానీ ఆవిడ మాటకి విలువివ్వకుండా పెట్టకండి.

కొత్తసూది (సియాటిల్) | నవంబర్ 3, ఉదయం 7:30

ఏమీ తెలియనిదాన్ని అడుగుతున్నా. క్విల్ట్‌కీ బొంతకీ తేడా ఏంటి? యూట్యూబులో ఎవరో "బ్యాటింగ్ బాగుండాలి" అంటే క్రికెట్ అనుకున్నా.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 3, మధ్యాహ్నం 12:20

హహ, మా కొట్టులో చేరిన మొదటి వారం నేనూ అంతే. బ్యాటింగ్ అంటే మధ్యలో పెట్టే దూది పొర. క్విల్ట్‌కి మూడు పొరలు: పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్య బ్యాటింగ్, కింద ఒకే గుడ్డ. మూడూ కదలకుండా కుట్టడమే క్విల్టింగ్. మన బొంతలో దూది ఉండదు, పాత చీరల పొరలే వెచ్చదనం. అంతకు మించి తేడా లేదని నా అభిప్రాయం. అక్కడ కొత్త గుడ్డ కొని ముక్కలు చేసి మళ్ళీ అతుకుతారు. ఇది చెబితే మా అమ్మకి ఇప్పటికీ నమ్మకం కలగలేదు. "మంచి గుడ్డని ఎందుకే కోయడం?"

(కార్తీక సోమవారం ఉపవాసంలో ఉన్నా. కొట్టులో ఈరోజు సూప్ పార్టీ. క్రాక్‌పాట్ పక్కనే నా కౌంటరు. నా పరిస్థితి ఆలోచించండి.)

పడకకుర్చీ గారూ, మీరన్నది రాత్రంతా బుర్రలో తిరిగింది. ఒక్క సంగతి చెబుతాను. పోయినేడాది కిటికీలో ఉన్న ఓనరమ్మ నాయనమ్మ క్విల్ట్ దేంతో కుట్టిందో తెలుసా? పిండి సంచులతో. 1930ల కరువులో ఇక్కడి పల్లెల్లో పిండి, దాణా గుడ్డ సంచుల్లో వచ్చేవి. ఆడవాళ్ళు వాటితో పిల్లలకి గౌన్లు, దుప్పట్లు కుడుతున్నారని చూసి కంపెనీలు సంచుల మీద పువ్వులు అచ్చువేయడం మొదలుపెట్టాయి. అంటే అదీ కొనలేనితనమే. ఇప్పుడు ఆ పిండిసంచి డిజైన్లనే కొత్త గుడ్డ మీద అచ్చువేసి గజం 13 డాలర్లకి మేమే అమ్ముతున్నాం.

పడకకుర్చీ (డల్లాస్) | నవంబర్ 3, మధ్యాహ్నం 1:05

పిండిసంచి సంగతి తెలియదు. సరే. కానీ వాళ్ళ లేమి వాళ్ళ కిటికీలో పెట్టుకోవడం వేరు, మన లేమి వాళ్ళ కిటికీలో పెట్టడం వేరు కదా?

బందరులడ్డు (నార్త్ కరోలినా) | నవంబర్ 3, సాయంత్రం 6:44

మధ్యలో దూరుతున్నాను, ఇది మా ఊరి విషయం కాబట్టి.

అమెరికా మ్యూజియాల్లో ఉన్న బాగా పాత క్విల్ట్‌లు చూడండి. పద్దెనిమిదో శతాబ్దానివీ, పంతొమ్మిది మొదట్లోవీ. కొన్నింట్లో పువ్వులు, పక్షులు, చెట్లు కత్తిరించి తెల్లగుడ్డ మీద అతికి ఉంటాయి. ఆ పువ్వుల గుడ్డ చింట్జ్. కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం రేవు నుంచి ఓడల్లో వెళ్ళిన కలంకారీ. మంచం మీద పరిచే పెద్ద గుడ్డని పలంపోర్ అనేవాళ్ళు, పలంగ్‌పోష్ అన్న మాటే అలా అయింది. ఆ గుడ్డకి ఇంగ్లండులో ఎంత గిరాకీ అంటే, వాళ్ళ నేతగాళ్ళు గోలచేస్తే 1700లో దిగుమతి మీదా, 1721లో అచ్చు నూలుగుడ్డ వాడకం మీదా నిషేధం పెట్టారు. ఖరీదైన గుడ్డ కాబట్టి చిన్న ముక్క కూడా పారేయకుండా పువ్వు కత్తిరించి మరో దాని మీద అతికేవాళ్ళు.

కాబట్టి పడకకుర్చీ గారూ, మన గుడ్డ వాళ్ళ క్విల్ట్‌లోకి ఎప్పుడో వెళ్ళింది. అరగజం గారి బొంత దాని చుట్టం. కాస్త పేద చుట్టం, అంతే.

(పెడనలో మా బాబాయి ఇప్పటికీ అచ్చులు చెక్కుతాడు. ఇక్కడి క్విల్టర్లు ఆ గుడ్డ కొంటారు కానీ ఉతికితే రంగు దిగుతుందని భయం. ముందే ఉప్పునీళ్ళలో నానబెడితే చాలని ఎవరో అంటారు, నమ్మకండి. విడిగా రెండుసార్లు ఉతికి, తెల్లగుడ్డ మీద రుద్ది చూసుకోవడమే.)

సూదికన్ను (హ్యూస్టన్) | నవంబర్ 3, రాత్రి 9:30

వాదన మీరు కానివ్వండి, నేను పని సంగతి చెబుతాను. మా హ్యూస్టన్ క్విల్ట్ ఫెస్టివల్‌లో చాలా ఏళ్ళు వాలంటీరుగా చేశాను, పాతవాటిని ముట్టుకునే పద్ధతి అక్కడే నేర్చుకున్నా.

ఉతక్కండి. ఎంత మురికిగా ఉన్నా సరే. ఐదు పొరల్లో ఏ చీర రంగు దిగుతుందో మీకూ తెలియదు, ఆ చీరకీ తెలియదు. దుమ్ము తీయాలంటే పైన దోమతెర గుడ్డ పరిచి, వాక్యూమ్ అతి తక్కువలో పెట్టి, తెర మీద నుంచి లాగండి.

పురుగు భయం ఉంటే ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం పెట్టండి. విస్కాన్సిన్‌లో ఫ్రీజర్ లేని ఇల్లు ఉండదు కదా, పైగా వేట ఇంకా మొదలవలేదు, ఖాళీగానే ఉంటుంది. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, ఒక రోజు గది వేడికి రానివ్వండి. లేకపోతే గుడ్డ మీద చెమ్మ పడుతుంది.

వేలాడదీయడం: మామూలు క్విల్ట్‌కైతే వెనక పైఅంచున నాలుగంగుళాల గొట్టంలా గుడ్డ కుట్టి కర్ర దూర్చుతారు. మీదాంట్లో ఐదు పొరల బరువు, పాత నూలు. సూది గుచ్చిన ప్రతి చోటా చిరుగుతుంది. లావుపాటి కర్రకి మెత్తటి తెల్లగుడ్డ చుట్టి, బొంతని దానిమీద సగానికి మడిచి వేయండి. పంచె ఆరేసినట్టు. బరువు రెండువైపులా సమంగా ఉంటుంది.

కిటికీ ఏ దిక్కుకి? దక్షిణమైతే మూడు వారాలు చాలు, రంగు పోవడానికి.

ఇంకొకటి. ఎలక కొరికింది అన్నారే, ఆ చోట అంచు ఎలా ఉంది? దారాలు పీకినట్టు ఉందా, లేక చుట్టూ గోధుమరంగుగా ఉందా?

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 4, ఉదయం 8:15

కిటికీ ఉత్తరానికే, బతికిపోయాం. ఫ్రీజర్‌లో నిన్న రాత్రే పెట్టేశాను. మా ఆయన ఐస్‌క్రీమ్ కోసం తలుపు తీసి "ఇదేంటి, జింకా?" అన్నాడు.

కొరికిన చోటు చూసి పెట్టలేదండీ. తీసినప్పుడు చూస్తాను.

కాఫీగింజ (మిషిగన్) | నవంబర్ 4, ఉదయం 10:50

నేను మగవాణ్ణి, మా ఆవిడ క్విల్టర్. బొంత మీద నాకు అభిప్రాయం లేదు. కానీ ఈ కొట్లలో నవంబర్ ఆనవాయితీల్లో మాలాంటివాళ్ళ కోసం ఒకటుంది, అది ఇక్కడ చెప్పాలి.

మా ఊరి కొట్టులో కౌంటరు మీద ఒక డబ్బా. ఆడవాళ్ళు థాంక్స్‌గివింగ్ ముందు వచ్చి కార్డు మీద తమకి ఏం కావాలో రాసి అందులో వేస్తారు. డిసెంబర్ 20 తర్వాత మాలాంటివాళ్ళు బిక్కమొహం వేసుకుని వెళ్ళి పేరు చెబితే, వాళ్ళు కార్డు తీసి, కవరులో అన్నీ పెట్టి, రిబ్బన్ కట్టి ఇస్తారు. మొదటి ఏడు ఈ సంగతి తెలియక నేనే సొంతంగా రోటరీ కట్టర్ కొన్నాను. గుండ్రటి బ్లేడు, పిజ్జా కోసే దానిలా ఉంటుంది కదా. మా ఆవిడ దగ్గర అప్పటికే నాలుగు ఉన్నాయట.

రెండో ఏడు కార్డు మీద "ఫెదర్‌వెయిట్" అని ఉంది. ఈక బరువు, చవగ్గానే ఉంటుందనుకున్నా. 1933లో సింగర్ వాళ్ళు మొదలుపెట్టిన పాత కుట్టుమిషనట, పదకొండు పౌన్లు. కౌంటరులో అమ్మాయి ధర చెప్పాక కాసేపు కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ అందుకే వేశారట.

కొత్తసూది (సియాటిల్) | నవంబర్ 4, సాయంత్రం 5:00

నవ్వలేక చచ్చా. మామూలు క్విల్ట్‌కి అసలు ఎంత అవుతుంది? కాస్ట్‌కోలో ఇరవై డాలర్లకి దుప్పటి వస్తుంది కదా అని మా అమ్మ అడగమంది.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 4, రాత్రి 8:40

60 అంగుళాలు, 80 అంగుళాలు అనుకోండి, సోఫా మీద కప్పుకునే సైజు. పైకీ కిందికీ కలిపి పది గజాల గుడ్డ: 130 డాలర్లు. బ్యాటింగ్ ఒక 30. మూడు పొరల్నీ కలిపి కుట్టే పెద్ద లాంగ్‌ఆర్మ్ మిషన్ మీద కుట్టించుకుంటే చదరపు అంగుళానికి రెండున్నర సెంట్లు, 4,800 అంగుళాలకి 120. మొత్తం 280. మీ అమ్మగారికి చెప్పకండి.

లాంగ్‌ఆర్మ్ వాళ్ళకి క్రిస్మస్ గడువు అక్టోబర్ మధ్యలోనే అయిపోయింది. ఇప్పుడు తెచ్చి "కాస్త చూడండి" అనేవాళ్ళని చూస్తుంటే దసరా ముందు రోజు టైలర్ దగ్గరికి జాకెట్ గుడ్డ తెచ్చినవాళ్ళే గుర్తొస్తారు.

ఈ ఏడాది జనం ఎక్కువ. 2025 మే నెలాఖరుకి కుట్టుసామాను అమ్మే జోఆన్ దుకాణాలన్నీ మూతపడ్డాయి కదా, దేశమంతా ఎనిమిది వందల దాకా. జిప్పు కావాలన్నా, ఎలాస్టిక్ కావాలన్నా మా దగ్గరికే వస్తున్నారు. మా దగ్గర అవి ఉండవు. ఆ మాట రోజుకి పదిసార్లు చెబుతున్నా.

దబ్బనం (న్యూజెర్సీ) | నవంబర్ 5, ఉదయం 6:55

జోఆన్ పోయినప్పుడు నేను నిజంగ ఏడ్చిన. మా పాప బతుకమ్మకి లంగా గుడ్డ అక్కడే కొన్న.

అరగజం, లాంగ్‌ఆర్మ్ అంటే గుర్తొచ్చింది. మూడేళ్ల కింద ఒకామెకి ఇచ్చిన, పేరు ఎందుకులే. మా అమ్మ పట్టుచీరల ముక్కలతో చేసింది. ఆమె పట్టుకీ నూలుకీ ఒకటే బిగువు పెట్టి కుట్టింది, అంత ముడతలు ముడతలు. విప్పుతనన్నది. విప్పితే పట్టుల రంధ్రాలు పడతయ్. అట్లనే పెట్టుకున్న.

పడకకుర్చీ (డల్లాస్) | నవంబర్ 6, రాత్రి 10:20

రెండ్రోజులు ఆలోచించాను. మా అమ్మని కూడా అడిగాను. ఆవిడ "బొంత కిటికీలో పెడితే తప్పేముందిరా, గంగిరెద్దు మీద వేసుకుని ఊరంతా తిప్పట్లేదా" అంది. నిజమే. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు మీద ఉండేది రంగురంగుల బొంతే. దానికి పాత చీర ఇవ్వడం పుణ్యం అనేవాళ్ళు. నేను అతుకు చొక్కా గుర్తుపెట్టుకున్నాను, గంగిరెద్దుని మర్చిపోయాను.

పెట్టండి. కానీ కార్డు మీద "కళ", "వారసత్వం" లాంటి మాటలు వద్దు. మీ అమ్మమ్మగారు కళ కోసం కుట్టలేదు, చలికి కుట్టింది. అది రాయండి.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 7, మధ్యాహ్నం 2:00

ఇదిగో, ఇంగ్లీషులో రాసేముందు తెలుగులో ఇలా అనుకున్నాను:

"బొంత. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం దగ్గర మా అమ్మమ్మ 1970ల్లో కుట్టింది. పాత చీరలు ఐదు పొరలు, పైన ఇంట్లోవాళ్ళ పాత బట్టలు. నూలు దారం, దబ్బనం. దూది లేదు. ఇంట్లో ఏడుగురికి మూడు దుప్పట్లు ఉండేవి, ఇది నాలుగోది. మూల ఎలక కొరికింది."

బందరులడ్డు (నార్త్ కరోలినా) | నవంబర్ 7, మధ్యాహ్నం 2:31

"ఇది నాలుగోది" దగ్గర ఆగిపోయాను. ఒక్క అక్షరం మార్చకండి.

సూదికన్ను (హ్యూస్టన్) | నవంబర్ 7, సాయంత్రం 4:12

కార్డు బాగుంది. చూడటానికి వచ్చినవాళ్ళు అడుగుతారు కాబట్టి ఒక్క మాట: బొంత చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టిందా, నిలువు వరసలా? కర్ణాటకలోని ఉత్తర కన్నడలో సిద్దీలు (ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు) కుట్టే కవంది అనే బొంతలో అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలు పెడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే కవంది బట్టల్లేకుండా ఉన్నట్టట. క్విల్టర్లకి ఇప్పుడు కవంది బాగా తెలుసు, దాని క్లాసులు కూడా జరుగుతున్నాయి. మీది చూసి అదేనంటారు. కాదని చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 12, రాత్రి 9:05

పెట్టాం!

నిన్న సాయంత్రం ఫ్రీజర్ నుంచి తీసిన కవరు ఈరోజు కొట్టులో విప్పాను. ముందు ఓనరమ్మ ముట్టుకోలేదు. చేతులు కడుక్కొచ్చి, తుడుచుకుని, అప్పుడు పట్టుకుంది. ఆ ఒక్క పనికి నాకు కళ్ళు చెమర్చాయి. కుట్టు చుట్టూ తిరగలేదండీ, నిలువు వరసలే, మధ్యలో ఒకచోట వరస తప్పి పక్కకి పోయింది. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కుట్టినట్టు.

పదింటికి మా రోజువారీ కస్టమర్ వచ్చింది. ఎనభై దాటాయి, చేతికర్ర, నోరు మాత్రం కత్తెర. బొంత ముందు నిలబడి ముందువైపు చూడనేలేదు, నేరుగా అంచు తిప్పి వెనకవైపు చూసింది. క్విల్టర్లందరూ అంతే, పెళ్ళిచూపుల్లో పిల్ల జడ వెనక్కి తిప్పి చూసే పెద్దమ్మల్లాగా. తర్వాత ఒక టాకా కింద చిటికెనవేలి గోరు పెట్టి లేపింది. "టోనెయిల్ క్యాచర్స్" అంది. కాలిగోరు పట్టే కుట్లట! పెద్ద కుట్లని ఎగతాళిగా అలా అంటారు. నా మొహం మాడింది. ఆవిడ కర్ర మీద వాలి, "మా అమ్మవీ ఇలాగే ఉండేవి. పాలు పితికి వచ్చి దీపం కింద కుట్టేది. ఏడుగురికి నాలుగు దుప్పట్లా? మేము తొమ్మిదిమందిమి" అంది. ఎన్ని దుప్పట్లో చెప్పకుండానే వెళ్ళి దారం కొనుక్కుంది.

పడకకుర్చీ (డల్లాస్) | నవంబర్ 12, రాత్రి 9:48

తొమ్మిదిమందికి ఎన్నో అడగాల్సింది.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 23, రాత్రి 10:30

జింకల సేల్ అయింది. కాళ్ళు లేవు నాకు. గుడ్డ థాన్లు మోసి మోసి భుజాలూ లేవు.

నిన్న సాయంత్రం కొట్టు మూశాక 'లెఫ్ట్ రైట్' ఆడారు. ఇదేంటంటే, అందరూ గుండ్రంగా కూర్చుంటారు, చేతిలో తలొక ఫ్యాట్ క్వార్టర్ (పద్దెనిమిదికి ఇరవై రెండు అంగుళాల ముక్క) చుట్టి పట్టుకుంటారు. ఒకరు కథ చదువుతారు. కథలో 'లెఫ్ట్' వస్తే ముక్క ఎడమపక్కవాళ్ళకి, 'రైట్' వస్తే కుడిపక్కవాళ్ళకి. కథ అయ్యేసరికి ఎవరి చేతిలో ఏది ఉంటే అది వాళ్ళది. చదివే పని నాకిచ్చారు. కథలో ఆ కుటుంబం ఇంటిపేరే రైట్! రైట్ గారు లెఫ్ట్‌కి తిరిగి, రైట్ గారి భార్య పర్స్ కారులో లెఫ్ట్ చేసి... నేను మామూలుగానే గుంటూరు ఎక్స్‌ప్రెస్ స్పీడులో చదువుతాను (మాది అనంతపురమే, కాలేజీ గుంటూరు). రెండో పేరాకే ముక్కలు గాల్లో ఎగురుతున్నాయి, ఒకావిడ కుర్చీతో సహా వెనక్కి పడబోయింది. వచ్చే ఏడాదికీ నన్నే చదవమన్నారు.

తినడానికి నేను జంతికలు తీసుకెళ్ళాను. కార్తీకం అయిపోయింది కాబట్టి చీజ్ కర్డ్స్ మీద నేనూ పడ్డాను. ఒకావిడ జంతికని చేతిలో తిప్పి చూసి "ఇది ఏ ప్యాటర్న్?" అంది.

కొత్తసూది (సియాటిల్) | నవంబర్ 24, ఉదయం 8:00

థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం సేల్ గురించి చెప్పండి. పైజామాలు వేసుకుని వస్తారట కదా, నిజమేనా?

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 28, మధ్యాహ్నం 3:15

నిజం. ఈ పొద్దున ఆరింటికి తలుపు తీస్తే బయట మంచులో ఇరవైమంది, పైజామాలు, పైన కోట్లు. ఆరు నుంచి ఏడు దాకా నలభై శాతం తగ్గింపు, ఏడు నుంచి ఎనిమిది ముప్పై, అలా దిగుతుంది. ఆరు గంటల బ్యాచ్‌కి మొహమాటం ఉండదు. ఏడింటి బ్యాచ్ కాఫీ తాగి వస్తుంది. ఎనిమిదింటికి వచ్చేవాళ్ళకి సేల్ ఉందని తెలియదు.

అందులో సగంమంది ఒకే రంగుల లిస్టు పట్టుకుని వచ్చారు. బానీ హంటర్ అనే క్విల్ట్ డిజైనర్ గారు ఏటా థాంక్స్‌గివింగ్ మర్నాడు మిస్టరీ క్విల్ట్ మొదలుపెడతారు. వారానికో మెట్టు చెబుతారు, చివరిదాకా ఏం తయారవుతుందో ఎవరికీ తెలియదు. సీరియల్ లాగే. రేపు స్మాల్ బిజినెస్ శనివారం, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు 2010లో మొదలుపెట్టిన రోజు. అది మాకు కాస్త తీరికే, వచ్చేవాళ్ళు మాట్లాడటానికి వస్తారు.

అమ్మ వీడియో కాల్ రేపు. అక్కడ రాత్రి, నేను కొట్టులోంచి. ఇప్పటిదాకా కిటికీ చూపించలేదు. టెన్షన్‌గా ఉంది.

దబ్బనం (న్యూజెర్సీ) | నవంబర్ 28, సాయంత్రం 6:10

చూపియ్యి. తిట్టినా వినాలె, నీ అమ్మనే కదా.

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 29, రాత్రి 7:50

చూపించాను. బయట రోడ్డు మీద నిలబడి ఫోన్ కిటికీ వైపు తిప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. తర్వాత "దగ్గరికి పట్టు" అంది.

లోపలికొచ్చి దగ్గరికి పట్టాను. "అది మీ మామయ్య పంచె కాదే. మీ మామయ్య పంచెకి ఎర్ర అంచు. ఈ ఆకుపచ్చ అంచుది మీ తాతయ్యది, పెళ్ళినాటిది." ఖాకీ నిక్కరు అమ్మ స్నేహితురాలి తమ్ముడిదట, వాళ్ళింట్లో ఇచ్చారు. "ఎవరిదో నిక్కరు మన బొంతలోకి ఎలా వచ్చింది" అంటే, "మన చీర వాళ్ళ బొంతలోకి వెళ్ళింది, అలాగే" అంది.

ఆ తర్వాత కార్డు చదివి వినిపించమంది. తెలుగులో చెప్పాను. ఎలక దగ్గరికి రాగానే ఒకటే నవ్వు. "ఎలకేంటే? తాతయ్య బొంత కప్పుకుని బీడీ తాగేవాడు. నిద్రలో జారి కాలింది. అమ్మమ్మ ఆ రాత్రంతా తిట్టింది."

సూదికన్ను గారూ, మీరడిగినప్పుడే చూడాల్సింది. చుట్టూ గోధుమరంగే.

సూదికన్ను (హ్యూస్టన్) | నవంబర్ 29, రాత్రి 8:15

నేను ఏమీ అనలేదండీ. :)

పడకకుర్చీ (డల్లాస్) | నవంబర్ 29, రాత్రి 8:40

కార్డు మార్చారా?

అరగజం (విస్కాన్సిన్) | నవంబర్ 30, ఉదయం 9:20

మార్చాను. మామయ్య పంచె కొట్టేసి తాతయ్య పెళ్ళి పంచె అని రాశాను, ఎలకని కొట్టేసి బీడీ పెట్టాను. ఓనరమ్మ "బీడీ అంటే ఏంటి?" అని అడిగి, విని, కొత్త కార్డు రాయనివ్వలేదు. కొట్టివేతలు కనబడేలా ఆ పాత కార్డునే ఉంచమంది. ఈరోజు ఆఖరి రోజు, సాయంత్రం తీసేస్తాం. ఇప్పుడే కర్ర చప్పుడు వినబడింది, ఆ తొమ్మిదిమంది ఇంటావిడ వస్తోంది. ఎన్ని దుప్పట్లో అడిగి చెబుతాను.